లక్క, రాతి పొడి, ఆవిరి: డమ్‌డమ్ రికార్డు ఫ్యాక్టరీ మీద మా ప్రాజెక్టు డైరీ

మార్చి, మొదటి వారం

మా కాకా మైక్ సెట్ వ్యాపారం ఆపేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇల్లు కొత్తగా కట్టుకుంటున్నారు కాబట్టి అటక మీది గ్రామఫోను ప్లేట్ల డబ్బాలన్నీ హన్మకొండలో మా ఇంటికి చేరాయి. ముందు వాటిని కడిగి, వరసపెట్టి, ఏది ఏ కాలానిదో తేల్చాలి. తర్వాత, వాటిలో చాలా భాగం తయారైన కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీ కథను ఒక బల్ల మీద అమర్చాలి. మా అక్క హైస్కూలు టీచరు. జూన్‌లో బడి తెరిచాక సైన్స్ గదిలో పెట్టుకుంటానంది. ఆమె కొడుకు ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. "మామా, బొమ్మలు అతికిస్తే ఎవరు చూస్తరు? మనమే ఒక ప్లేటు అచ్చు తీద్దాం" అన్నాడు. అలా పని పెద్దదైంది.

డబ్బాల్లో ఉన్నవి మూడు రకాలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే బరువైన పాత ప్లేట్లు, 45 చుట్ల చిన్న ఈపీలు, 33⅓ చుట్ల ఎల్పీలు. 78ల్లో కపిలవాయి రామనాథశాస్త్రి నాటక పద్యాలున్నాయి, ఉర్దూ ఖవ్వాలీలున్నాయి, మిగతావి సినిమా పాటలు. ఎల్పీల్లో ఎక్కువ ఘంటసాల భక్తి. ఎలుకలు కవర్లను మాత్రమే తిన్నాయి, ప్లేట్ల జోలికి పోలేదు.

కాకా వచ్చి కూర్చుని ఒక్కో ప్లేటూ తీసి చూశాడు. "పెండ్లంటే తెల్లారంగనే భక్తి ప్లేటు పడాలె. బంతి కూసున్నప్పుడు సినిమా ప్లేటు. ముసలోళ్లు పద్యం అడుగుతరు, ఎయ్యకపోతే అలుగుతరు" అన్నాడు. ఏ ప్లేటు ఎక్కువ అరిగిందో చూస్తే వరంగల్ చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఏ పాట ఎక్కువ నడిచిందో చెప్పేయవచ్చు. ఇది ఏ పుస్తకంలోనూ దొరకని లెక్క. దాన్ని విడిగా రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి, మూడో వారం: కడగడం

కడగడంలో జాగ్రత్త ఒక్కటే, కానీ అది పెద్దది. 78 ప్లేటుకు స్పిరిట్ గానీ, శానిటైజర్ గానీ తగలకూడదు. అది ప్లాస్టిక్ కాదు, లక్క. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఫర్నిచర్ పాలిష్ చేసేది ఆ గుణం వల్లే. ఎల్పీ అయితే పీవీసీ, దానికి నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడినా పర్వాలేదు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు ఎల్పీల కోసం రాసినవి. వాటిని 78 మీద ప్రయోగిస్తే గీతలు కరిగి జిగురవుతాయి.

మా పద్ధతి: డిస్టిల్డ్ వాటర్, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, మెత్తటి బ్రష్. గీత వెంబడే గుండ్రంగా తోమాలి, అడ్డంగా కాదు. మధ్యలోని కాగితం లేబుల్ తడవకుండా స్టీలు గిన్నె బోర్లించి పట్టుకోవాలి. తర్వాత నిలబెట్టి నీడలో ఆరబెట్టాలి. బూజు పట్టినవాటికి రెండోసారి.

78 ప్లేటు కింద పడితే పగులుతుంది. ఎల్పీ పగలదు గానీ వంగుతుంది, అందులోనూ మన వరంగల్ ఎండకి. కాకా అటక రేకుల కింద ఉండేది కాబట్టి ఎల్పీల్లో కొన్ని వంకర్లు పోయాయి. 78లు మాత్రం చదునుగానే ఉన్నాయి, పెట్టెలో నిలబెట్టి బిగుతుగా సర్దడం వల్ల కావచ్చు.

ఏప్రిల్, మొదటి వారం: ప్లేటు మీది రాత

ప్రతి ప్లేటు మీదా రెండు నంబర్లుంటాయి. లేబుల్ మీద అచ్చయినది అమ్మకం నంబరు: హెచ్‌ఎంవీకి (గ్రామఫోన్ కంపెనీ బ్రాండు) ఎన్ అక్షరంతో, కొలంబియాకు జీఈ అక్షరాలతో మొదలవుతుంది. లేబుల్‌కూ చివరి గీతకూ మధ్య నున్నటి జాగాలో గీరి ఉండేది మ్యాట్రిక్స్ నంబరు. అది రికార్డింగుది. అమ్మకం నంబరు దుకాణంవాళ్ల కోసం, మ్యాట్రిక్స్ ఫ్యాక్టరీవాళ్ల కోసం. లేబుల్ చిరిగిపోయిన ప్లేటును గుర్తుపట్టాలంటే రెండోదే దిక్కు. టార్చిని పక్క నుంచి పట్టి, అక్షరాల మీద కాస్త పౌడరు రుద్ది ఫోటో తీస్తే చక్కగా కనబడుతోంది.

ఎల్పీలకు ఇది ఇంకా సులువు. హెచ్‌ఎంవీ ఎల్పీ మీద ఈసీఎల్‌పీ అని ఉంటే మోనో, ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో. కవరు వెనక అడుగున చిన్న అక్షరాల్లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, డమ్‌డమ్ అని చదవవచ్చు.

డమ్‌డమ్ అంటే కలకత్తా విమానాశ్రయం ఉన్న చోటు. తుపాకీ తూటాల్లో డమ్‌డమ్ బుల్లెట్ అనే రకానికి పేరు వచ్చింది కూడా అక్కడి ఆయుధాగారం వల్లే. అదే ఊరి జెస్సోర్ రోడ్డు మీద 1928లో గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ మొదలైంది. అయితే కథ అంతకు పాతికేళ్ల ముందు నుంచి చెప్పాలి.

లండన్‌లో గ్రామఫోన్ కంపెనీ పుట్టింది 1898లో. వాళ్ల రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి, నవంబరులో గాయని గౌహర్ జాన్ గొంతును రికార్డు చేశాడు. మైకు లేదు, పెద్ద గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడితే, ఆ గాలి ఊపుకు సూది కదిలి మైనం పళ్లెం మీద గీత పడేది. ఆ మైనాన్ని ఓడెక్కించి జర్మనీలోని హానోవర్ పంపేవారు. అక్కడ అచ్చు వేసి, ప్లేట్లను మళ్లీ ఓడలో ఇక్కడికి తెచ్చి అమ్మేవారు. పాట చివర గౌహర్ జాన్ ఇంగ్లిషులో తన పేరు చెప్పడం వినే ఉంటారు. దాన్ని చాలామంది ఆమె డాబు అనుకుంటారు. హానోవర్‌లో లేబుల్ అతికించేవాళ్లకు హిందుస్తానీ రాదు, ఏ పళ్లెంలో ఎవరు పాడారో తెలియాలి కదా. అందుకోసం చేసిన ఏర్పాటు అది.

మా మేనల్లుడికి ఈ ఓడ ప్రయాణం బాగా పట్టింది. "మరి ప్లేటు దేనితోని చేసిన్రు జర్మనీల? లక్క యాడిది?" అని అడిగాడు. మా బల్లకు నడుం దొరికింది ఈ ప్రశ్నతోనే. ఆ రోజుల్లో ప్రపంచానికి లక్క పంపింది ముఖ్యంగా మన దేశం. ఛోటానాగపూర్, బెంగాల్, మిర్జాపూర్ వైపు నుంచి వచ్చిన లక్క కలకత్తా రేవులో ఓడెక్కి యూరప్ వెళ్లేది. అంటే లక్క ఒక ఓడలో, పాట ఒక ఓడలో వెళ్లి, రెండూ కలిసి ప్లేటుగా మారి అదే రేవుకు దిగేవి. మన అడవి సరుకునే మన పాటతో కలిపి మనకు అమ్మారు.

1908లో కంపెనీ కలకత్తాలోనే, సియాల్దా దగ్గర, ప్లేట్లు అచ్చు వేసే ఫ్యాక్టరీ పెట్టింది. లక్క పక్కనే, కొనేవాళ్లు పక్కనే. ఇంత దూరం తిప్పడం దేనికని లెక్క వేసుకుని ఉంటారు. అది చాలక 1928లో డమ్‌డమ్ వెళ్లారు. 1931లో లండన్‌లో గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా కలిసి ఈఎంఐ అయ్యాయి. హెచ్‌ఎంవీ వాళ్లకూ కొలంబియా వాళ్లకూ పడేది కాదని కాకా ఇన్నాళ్లూ అనుకున్నాడట. రెండూ ఒకే కొట్టంలో అచ్చయ్యేవని చెబితే కాసేపు నమ్మలేదు. కలకత్తాలో మెగాఫోన్ లాంటి దేశీ కంపెనీల ప్లేట్లు కూడా డమ్‌డమ్ ప్రెస్సుల్లోనే తయారయ్యాయి. లేబుల్ మీద ఎవరి బొమ్మ ఉన్నా ఆవిరి ఒకే బాయిలర్‌ది.

ఏప్రిల్, మూడో వారం: సరుకు సేకరణ

78 ప్లేటు పేరుకు లక్క ప్లేటు గానీ, అందులో లక్క పాలు మూడో వంతు కంటే తక్కువే. ఎక్కువ భాగం రాతి పొడి. నలుపు కోసం మసి, పగలకుండా పట్టి ఉంచడానికి దూది నూగు. కంపెనీలు కొలతలు గుట్టుగా ఉంచేవి, ఒక్కొక్కరిది ఒక్కో పాళ్లు. మేం మా పాళ్లు మేమే పెట్టుకున్నాం.

లక్క: పాలిష్ సామాన్ల దుకాణంలో చపడా అని అడిగితే తేనె రంగు రేకులు ఇచ్చారు. రాతి పొడి: ముగ్గుపిండి. వరంగల్‌లో దీనికి కొరత లేదు. పాత చీరతో జల్లెడ పట్టి, కిందికి రాలిన మెత్తటి పొడి మాత్రమే తీసుకున్నాం. మసి: ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి పట్టినది. నూగు: పత్తికి ఏనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో దీనికోసం వెతకాలా? జిన్నింగ్ మిల్లులో పనిచేసే పక్కింటాయన ఒక కవరు నిండా తెచ్చిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

రాతి పొడి ఎందుకు వేస్తారన్నది నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే నచ్చిన సంగతి. ఖర్చు తగ్గించడానికే అనుకుంటాం. అసలు పని వేరే ఉంది. పాత గ్రామఫోనుకు ఉక్కు సూది వాడేవారు. కొత్త సూది మొన గీతలో సరిగ్గా కూర్చోదు. గీత గోడల్లోని రాయి మొదటి కొన్ని చుట్లలోనే ఆ మొనను అరగదీసి తనకు సరిపోయే ఆకారానికి తెస్తుంది. ప్లేటు అరగకుండా సూది అరగాలన్నమాట. అందుకే ఒక వైపు అయిపోగానే సూది మార్చాలి. కాకా సూదుల డబ్బా కూడా ఇచ్చాడు, అందులో వాడినవీ వాడనివీ కలిసిపోయాయి. భూతద్దం కింద పెట్టి చూస్తే వాడిన సూది మొన ఒక పక్క చదును తేలి మెరుస్తోంది. పిల్లలకు చూపించడానికి రెండింటినీ పక్కపక్కన అతికించాం. పాత పాట వెనక వినిపించే ఆ "చుయ్" చప్పుడు కూడా ఈ రాయిదే.

లక్క పురుగు గురించి ఒక చార్టు రాశాం. కెర్రియా లక్కా అనే ఈ పురుగు చెట్టు రెమ్మల రసం పీల్చి, తన చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూడే లక్క. దీనికి ఇష్టమైన చెట్లు మోదుగ, రేగు, కుసుమ. మోదుగ, రేగు మీద పెరిగే రకాన్ని రంగీనీ అంటారు, కుసుమ చెట్టు మీదిది కుసుమీ. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థ పెట్టారంటే అప్పట్లో దీనికి ఎంత గిరాకీయో తెలుస్తుంది. మన ములుగు, భూపాలపల్లి దారిలో హోలీ ముందు మోదుగ పూలతో అడవి ఎర్రబడటం అందరూ చూసిందే. ఆ జాతి చెట్టు మీది గూడే కరిగి పద్యం అయిందని చార్టు కింద రాయమన్నాడు మేనల్లుడు. కవిత్వం వద్దన్నాను గానీ వాడు రాసేశాడు, అక్క ఉంచమంది.

లక్కను కరిగించడం నేర్చుకోవడానికి వరంగల్‌లో మాకు తెలిసిన ఒక కంసాలి పెద్దాయన దగ్గరికి వెళ్లాం. నగల గుండ్లలో లక్క పోయడం ఆయనకు చిన్నప్పటి నుంచి అలవాటు. "మంట మీద పెట్టొద్దు బిడ్డా, మాడుతది. ఒక్కసారి ఎక్కువ కాలిందంటే ఇగ ఎన్ని తీర్ల కాల్చినా కరగదు" అన్నాడు. కెమిస్ట్రీ చెప్పేదీ అదే: లక్క 75 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది, కానీ ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడుతుంది, మళ్లీ కరగదు. డమ్‌డమ్‌లో ఆవిరితో వేడెక్కే బల్ల ఎందుకు వాడారో దీంతో అర్థమైంది. బాయిలర్ ఒత్తిడిని బట్టి ఆవిరి వేడికి ఒక హద్దు ఉంటుంది.

మే, మొదటి వారం: అచ్చు

ఫ్యాక్టరీ పద్ధతి ముందు. మైనం మీద గీసిన గీతకు కరెంటు పారేలా గ్రాఫైటు లాంటి పొడి పూసి, రాగి పూత స్నానంలో ముంచుతారు. పూత మందంగా పేరుకున్నాక ఊడదీస్తే గీతలు ఉబ్బెత్తుగా ఉన్న లోహపు పళ్లెం వస్తుంది. అది మాస్టర్, ఉన్నది ఒక్కటే. దానితోనే ప్లేట్లు వత్తితే అరిగిపోతుంది, మళ్లీ గాయకుణ్ణి పిలవాలి. అందుకని దాని నుంచి మదర్ తీస్తారు. మదర్ మీద గీతలు లోతుగా ఉంటాయి, దాన్ని మోగించి తప్పులు వినవచ్చు. మదర్ నుంచి కావలసినన్ని స్టాంపర్లు. ప్రెస్సులో బిగించేది స్టాంపర్‌నే. అరిగితే పారేసి ఇంకోటి. డమ్‌డమ్‌లో ఏళ్ల తరబడి అమ్ముడైన ప్లేటు ఉందంటే, మదర్‌ను భద్రంగా దాచారన్నమాట.

ఇంట్లో రాగి స్నానం కుదరదు. మేం సిలికాన్ రబ్బరు వాడాం. రెండు కాపీలున్న ఒక 78 ఎంచుకున్నాం, పాటకు అరవై ఏళ్లు దాటినది. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు హక్కు, ప్రచురించిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది, కాబట్టి బడిలో వినిపించడానికి ఇబ్బంది లేదు.

ప్లేటు చుట్టూ అట్టతో గట్టు కట్టి, సిలికాన్‌ను తూకం ప్రకారం కలిపి, మొదట పలచగా బ్రష్‌తో గీతల్లోకి రుద్ది, బుడగలు పోయాక మిగతాది పోశాం. మర్నాడు ఊడదీసి వెలుగులో తిప్పితే ఇంద్రధనస్సు రంగులు మెరిశాయి. అంటే అంత సన్నటి గీతలూ పడ్డాయని. 78 గీతలో కూర్చునే సూది మొన వ్యాసార్ధం అంగుళంలో వెయ్యోవంతులు మూడు. ఎల్పీకి ఒక వెయ్యోవంతు, ఇంకా తక్కువ కూడా. సిలికాన్‌కు రెండూ లెక్క కాదు.

కానీ సిలికాన్ మెత్తన. నొక్కితే సాగుతుంది, సాగితే గీత వంకర పోతుంది, వంకర పోతే పాట ఊగుతుంది. దాన్ని మందపాటి అద్దం పలక మీద సిలికాన్ జిగురుతోనే అతికించాం, పక్కలకు జరగకుండా. మధ్య రంధ్రానికి పాత సైకిల్ ఊచ ముక్క.

ఆగిన చోట లెక్కలు వేయించాను. పది అంగుళాల 78 ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. మూడు 78లు 234 చుట్లు. సగటు వ్యాసార్ధం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు అనుకుంటే, ఒక వైపు గీతను లాగి సాపు చేస్తే 125 మీటర్ల దాకా వస్తుంది. నాటకంలో ఒక్క పద్యానికి రాగం తీస్తూ పావుగంట నిలబడే నటులు, ప్లేటు కోసం మూడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చింది. స్టేజీ మీద వన్స్‌మోర్ ఉంటుంది, ఫ్యాక్టరీలో ఉండదు. మన పద్యం పాడే తీరును ప్లేటు కొలత ఎంత మార్చిందో ఎవరైనా కూర్చుని రాయాలి.

మే, చివరి వారం: వత్తడం

ప్రెస్సు ఎక్కడ దొరుకుతుంది? హన్మకొండలో బైండింగ్ షాపు నడిపే అన్న దగ్గర స్క్రూ ప్రెస్సు ఉంది, ఇనుముది, ఇద్దరు మోస్తే గానీ కదలదు. ఎండాకాలం పని తక్కువ కాబట్టి ఇచ్చాడు. డమ్‌డమ్‌లో ఇదే పని హైడ్రాలిక్ ప్రెస్సు చేసేది: కింద ఒక స్టాంపర్, పైన ఒకటి, మధ్యలో రెండు లేబుళ్లు, వేడి చేసి మెత్తబరచిన లక్క ముద్ద. ప్రెస్సు మూసి ఆవిరి వదిలితే ముద్ద పరుచుకుంటుంది, వెంటనే చన్నీళ్లు వదిలితే బిగుసుకుంటుంది. తీసి, అంచు గీకి, నునుపు చేసి, కవరులో పెట్టడమే. లేబుల్‌ను జిగురుతో అతికించరు. ముద్దతో పాటే నొక్కుకుపోతుంది. కడిగేటప్పుడు 78 లేబుల్ అంత తేలిగ్గా ఊడి రాకపోవడానికి కారణం ఇదే.

మాది ఒక వైపు ప్లేటు మాత్రమే. 1900ల మొదట్లో ప్లేట్లు కూడా ఒక వైపువే కాబట్టి మాకు చరిత్ర తోడుంది. దోశ పెనాన్ని ఇసుక మీద పెట్టి, సన్నటి సెగ, వంటింటి థర్మామీటరు. లక్క, ముగ్గుపిండి, మసి, నూగు కలిపి చపాతీ కర్రతో పిసికాం. (ఆ కర్ర ఇక మాదే, అక్క తీసుకోనంది.) అద్దాన్నీ సిలికాన్‌నూ కూడా వేడి చేసి ఉంచాం, లేకపోతే ముద్ద తగలగానే పైపొర గట్టిపడుతుంది. సిలికాన్ మధ్యలో లేబుల్ కాగితం బోర్లించి, ముద్ద పరిచి, పైన ఇనుప పలక, ప్రెస్సు బిగింపు, పైన తడి గోనెసంచి.

మొదట వచ్చినవి బిస్కెట్లలా విరిగాయి. నూగు పెంచాం, విరగడం తగ్గింది. తర్వాత మధ్యలో గీతలు పడ్డాయి గానీ అంచు దాకా ముద్ద చేరలేదు. ముద్దను మధ్యలో కుప్పగా కాకుండా రింగులా పరిచి చూశాం. బాగా వచ్చినదాన్ని నాలుగు స్పీడుల పాత ప్లేయర్ మీద, 78 సూదితో వేశాం. నూనె కాగుతున్నంత గోల, దాని వెనక హార్మోనియం, తర్వాత గొంతు. మాటలు సగం తెలుస్తున్నాయి. కొన్ని చుట్లు పోయాక సూది ఒకే గీతలో ఇరుక్కుని అదే ముక్క మళ్లీ మళ్లీ పాడింది. కాకా చేయి పెట్టి సూదిని ముందుకు జరిపాడు, ఆ పని ఆయనకు కొత్త కాదుగా. లోపలి గీతల్లో పాట ఇంకొంచెం నయంగా ఉంది. అంచు వైపు సిలికాన్ సాగిన గుర్తులు భూతద్దంలో కనబడుతున్నాయి. అయినా గొంతు ఎవరిదో కాకా వినగానే చెప్పాడు, లేబుల్ చూడకుండా. బల్ల మీద పెట్టడానికి ఇది చాలు.

ఒక్క ప్లేటుకు మా ఇంటిల్లిపాదీ చెమటలు కక్కాం. డమ్‌డమ్‌లో మనుషులు షిఫ్టు అంతా ఆవిరి పక్కన నిలబడి చేసిన పని ఇది. లేబుల్ మీద పాడినవాళ్ల పేరుంది, సినిమా పేరుంది, కొన్నిటి మీద హార్మోనియం పేరు కూడా ఉంది. వత్తినవాడి పేరు లేదు.

జూన్, మొదటి వారం: ఎల్పీ భాగం

పీవీసీని ఇంట్లో కరిగించే ఆలోచన మొదట్లోనే పక్కన పెట్టాం. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఈ భాగం బొమ్మలు, అసలు ప్లేట్లతోనే.

ఎల్పీని అమెరికాలో కొలంబియా 1948లో తెచ్చింది. డమ్‌డమ్‌లో ఎల్పీలు మొదలైంది 1950ల చివర్లో. అయినా 78లు వెంటనే ఆగలేదు. చాలా పల్లెల్లో కరెంటు లేదు, కీ ఇచ్చి తిప్పే పెట్టెలే ఉన్నాయి, వాటికి 78 తప్ప పనికిరాదు. దీనివల్ల ఒక వింత జరిగింది. యూరప్, అమెరికాలో 78లు మూలపడ్డాక కూడా 1960ల్లో డమ్‌డమ్‌లో బీటిల్స్ పాటలు 78 ప్లేట్లుగా అచ్చయ్యాయి. వాటి కోసం ఇప్పుడు విదేశీ కలెక్టర్లు పెద్ద మొత్తాలు పెడుతున్నారు. కాకా డబ్బాలన్నీ ఇంకోసారి వెతికాం. లేవు. కాకా అన్నాడు: "మన పెండ్లిళ్ల ఎవరడుగుతరు రా అవి?"

పీవీసీ వచ్చాక రాతి పొడి పోయింది, చప్పుడు తగ్గింది, గీత సన్నబడింది, ఒక వైపు ఇరవై నిమిషాలు పట్టింది. దాంతో పాటు లక్క అవసరమూ పోయింది. ఛోటానాగపూర్ అడవి పక్కన ఉండటమే కలకత్తా ఫ్యాక్టరీకి ఉన్న పెద్ద సౌకర్యం. ప్లాస్టిక్ గుళికలు ఎక్కడికైనా వస్తాయి. 1970 నాటికి పాలిడోర్ అనే రికార్డు కంపెనీ మన దేశంలో పోటీకి దిగింది. 1980లలో క్యాసెట్ జోరందుకుంది. దానికి బాయిలరు వద్దు, ప్రెస్సు వద్దు, ఒక గది, కొన్ని మెషీన్లు చాలు. టీ-సిరీస్ క్యాసెట్ల అమ్మకాల ముందు పాత కంపెనీ తట్టుకోలేకపోయింది. 1985లో గ్రామఫోన్ కంపెనీ ఆర్పీజీ గ్రూపు చేతికి వెళ్లింది, 2000లో పేరు సారెగామా అయింది. పేరు మారినా చిరునామా జెస్సోర్ రోడ్డే. ప్లేట్ల అచ్చు మాత్రం 1990ల్లో ముగిసింది.

వరంగల్‌లో ఈ మార్పు ఎలా కనబడిందో కాకా చెప్పాడు. ఊళ్లో దుకాణాల్లో మీకు కావలసిన పాటల చిట్టీ రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో నింపి ఇచ్చేవారు. ఏ ప్లేటు నుంచి నింపేవారో ఎవరికీ పట్టేది కాదు. కాకా కూడా తన ప్లేట్లనుంచే కొన్ని నింపించుకుని, ప్లేట్లు అటక ఎక్కించాడు. "బరువు మోసుడు తప్పింది" అన్నాడు. బాధేమీ లేదు ఆయన మాటలో.

వంగిన ఎల్పీలను రెండు అద్దాల మధ్య పెట్టి, మధ్యాహ్నం మేడ మీద కొద్దిసేపు ఉంచి, అద్దాలతో సహా నీడలోకి తెచ్చి చల్లార్చాం. కొన్ని సాపు అయ్యాయి. అంచు బాగా పైకి లేచినవి కాలేదు, వాటిని గోడకు తగిలిస్తాం.

జూన్, రెండో వారం

బల్ల సిద్ధం. ఎడమ నుంచి కుడికి: లక్క రేకులు, మోదుగ చార్టు, ముగ్గుపిండి, మసి, నూగు, సిలికాన్ అచ్చు, మేం వత్తిన ప్లేటు, అసలు ప్లేటు, సూదులు, ఎల్పీ, క్యాసెట్. మేం వత్తినదానికి లేబుల్ మేనల్లుడే డిజైన్ చేశాడు. అందులో పాడినవాళ్ల పేరు కింద పిసికినవాళ్లు, వత్తినవాళ్లు, నూగు ఇచ్చిన పక్కింటాయన, ప్రెస్సు ఇచ్చిన అన్న, అందరి పేర్లూ ఉన్నాయి. అక్షరాలు చిన్నవైపోయి చదవడానికి భూతద్దం కావాలి. పెద్ద లేబుల్ వేద్దామంటే గీతల మీదికి వస్తుంది.

మిగిలిన పనులు: మ్యాట్రిక్స్ నంబర్ల జాబితా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అరుగుదల ప్రకారం వేసిన పెళ్లి పాటల లెక్క కాకాతో ఇంకోసారి సరిచూసుకోవాలి. అంచు దాకా మోగే ప్లేటు కోసం సిలికాన్ బదులు గట్టి రెసిన్‌తో స్టాంపర్ చేసి చూడాలి, కానీ దానికి ముందు సిలికాన్‌తో మదర్ తీయాలి, అంటే ఫ్యాక్టరీ వరసే మళ్లీ. అది దసరా సెలవుల దాకా ఆగుతుంది. బళ్లు తెరిచారు, నోటుపుస్తకాల బైండింగ్ మొదలైంది, అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆదివారం ఆటో మాట్లాడి ప్రెస్సు తిరిగి ఇచ్చేయాలి.